సెనైదా కుంటిది కాదు

ఉవాంకవెలికా,
జూలై 2, 1998, గురువారం.

కయావో రేవులో చేపల కొట్టు నడుపుతున్న వదినగారు శ్రీమతి రోసెండా చుంగా గారికి,

మీ కోడలి తల్లి, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఎదెల్మీరా తాయ్‌పె నమస్కరించి రాయునది. ఈ చోట ఇక్కడ అందరం క్షేమమనీ, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాననీ రాయాలి. మేం క్షేమంగా లేమని మీకు తెలుసు. మీరు ఎలా ఉన్నారో మీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. కనుక ఆ రెండు వాక్యాలూ దాటేస్తున్నాను.

బస్సు డ్రైవరు చేతికిచ్చి మీరు పంపిన ఉత్తరం మొన్న మంగళవారం అందింది. దస్తూరీ మీ మేనకోడలిది, తిట్లు మీవి. రెండూ గుర్తుపట్టాను. అందులో ‘నా కుంటి మనవరాలు’ అని మూడు చోట్ల రాయించారు. ముందు అది దిద్దుతాను. సెనైదా కుంటిది కాదు. కుంటాలంటే ముందు నడవాలి. ఆ పిల్లకి పది నెలల ఇరవై మూడు రోజులు. ఇంకా పాకనైనా పాకలేదు. డాక్టరు రాసిందేమిటంటే, ఎడమ తుంటి ఎముక గుండు దాని గుంటలో కూర్చోలేదని. అంతే. ఇప్పుడు కూర్చోబెడితే మామూలుగా నడుస్తుంది. కూర్చోబెట్టకుండా నిలబెట్టి నడిపిస్తే, అప్పుడు మీరు రాయించిన మాట నిజమవుతుంది. అంతవరకూ ఆ మాట మీ దగ్గరే అట్టేపెట్టుకోండి.

రెండోది. పిల్ల మొదటి నవ్వు మీ చేతుల్లో నవ్విందని రాయించారు. సెప్టెంబరు ఇరవై నాలుగున నా ఒళ్లో నవ్వింది. బరువు కార్డు మీద తేదీతో సహా నేనే రాసిపెట్టాను. ఆ వేళకి మీరు బజారులో నిమ్మకాయల కోసం దెబ్బలాడుతున్నారు. ఎండు చేపల మీద పిండడానికి మా ఊరి నిమ్మకాయలు మీకు పనికిరాలేదు. మా ఊరి చలి పనికిరాలేదు. మా ఊరి గాలి ఊపిరికి చాలలేదు. వచ్చిన రోజే మా గుమ్మంలో కూలబడి, “ఇంత ఎత్తున మనుషులెలా ఉంటారమ్మా, గద్దలుండాల్సిన చోట!” అన్నారు. అయినా పురిటికి వచ్చి మూడు నెలలున్నారు. నలభై రోజులకని వచ్చిన మనిషి మూడు నెలలుండడాన్ని ఏమనాలో తెలియక ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

మా అమ్మాయి నెలిదాకి పురుటి జ్వరం వచ్చి ఆరు వారాలు మంచం దిగలేదు కనుక పిల్ల పని మనిద్దరి మీదా పడింది. ఆ సంగతి ఒప్పుకుంటాను. ఎలా పడిందో మాత్రం మర్చిపోలేదు.

మా పద్ధతి మీకు తెలుసు. పిల్లను పొత్తిగుడ్డ మీద పడుకోబెట్టి, చేతులు ఒంటికి ఆనించి, కాళ్లు తిన్నగా చాపి, భుజాల నుంచి మడమల దాకా చుంపి అనే నేత పట్టీతో చుడతాం. నన్ను మా అమ్మ చుట్టింది. నా ముగ్గురినీ నేను చుట్టాను. ఈ కొండల్లో తన చేతులు తనకే తగిలి ఉలిక్కిపడే పిల్ల ఉండదు, దొడ్డికాళ్ల పిల్ల ఉండదు. సెనైదా కోసం ఆ పట్టీ నేనే నేశాను, నాలుగు నెలలు, అయిదు మీటర్లు, ఎరుపు మీద తెల్ల లామా జంతువుల వరస. మీరు దాన్ని చూసిన మొదటి రోజున ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఏంటొదినా, మొక్కజొన్న ఆకులో పిండి ముద్ద చుట్టినట్టు చుట్టేశారు! సాయంత్రానికి ఉడకబెడతారా పిల్లని?” అన్నారు. వీధి వాళ్లంతా నవ్వారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ వీధికి పాఠాలు చెప్పాను. నా ముఖం మీద నవ్వడం వాళ్లకదే మొదటిసారి.

ఆపైన రోజూ మీ తతంగం. పొద్దున్నే ఎండ పడే మూలకి పరుపు ఈడ్చి, పట్టీ విప్పి, పిల్లని దిసమొలగా పడుకోబెట్టి, గోరువెచ్చటి నూనె రాసి, రెండు మోకాళ్లూ పట్టుకుని పొట్టకి ఆనించడం, పక్కలకి వాల్చడం, గుండ్రంగా తిప్పడం. “సైకిలు తొక్కు తల్లీ, సముద్రం దాకా తొక్కు” అని పాట ఒకటి. ఈ చలిలో! “పడిశం పడుతుంది, కప్పండి” అన్నాను. “పిల్లకి కాళ్లున్నాయని పిల్లకి తెలియొద్దా టీచరమ్మా?” అన్నారు. “ఆ కాళ్లు ఊడొస్తే ఎవరు జవాబు చెబుతారు?” అన్నాను. “ఊడితే నేను అతికిస్తాలే, చేప ముళ్ల దగ్గర ఎన్ని కీళ్లు చూశానో నీకేం తెలుసు” అన్నారు. అనలేదని మీ ఉత్తరంలో రాయించారు. అన్నారు. నెలిదా మంచం మీద నుంచి విన్నది.

నవంబరులో మీరు వెళ్లాక జరిగినవి వరసగా రాస్తాను, ఎందుకంటే ‘నా మనవరాలి సంగతి నాకెవరూ చెప్పరు’ అని కూడా రాయించారు.

మూడు నెలలు నిండాక మెడ నిలిపింది. బాగా నిలిపింది, మీ అబ్బాయి విల్మెర్‌లా పొగరుగా. బోర్లా పడటం అయిదో నెలలో రావాలి, రాలేదు. జనవరి వర్షాల్లో రొమ్ము పట్టేసింది. ఒక రోజంతా పక్కటెముకలు లోపలికి పోయేలా ఊపిరి తీసింది. నిమిషానికి అరవై రెండు సార్లు. నేనే లెక్కపెట్టాను. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, తొడకి పూటపూటా సూది. గొట్టం పెట్టినప్పుడు ఏడవలేదు. తీసినప్పుడు ఏడ్చింది. మీరు పంపిన చేప నూనె సీసా అప్పుడే చేరింది. వాసన చూసి నర్సు, “టీచరమ్మా, ఇది పిల్లకా, లారీ చక్రాలకా?” అంది. అలమరలో పెట్టాను.

మార్చిలో రక్తం తక్కువన్నారు. ఇనుము చుక్కలు, ఉడికించిన కోడి నెత్తురు, బంగాళదుంపతో కలిపి రోజుకి రెండు పూటలా. మొదటి వారం ఉమ్మింది, రెండో వారం నా మీద ఉమ్మింది, మూడో వారం మింగింది. అదే నెల ఇరవైన మొదటి పన్ను, కింది వరసలో. ఏప్రిల్ చివర కూర్చుంది, కాని ఎప్పుడూ కుడి పక్కకి ఒరిగి. దిండు సరిగ్గా పెట్టలేదని నెలిదాని కోప్పడ్డాను. దిండు సరిగ్గానే ఉంది.

మాటలు మాత్రం ముందే వచ్చాయి. ‘తత్తా’ అంటుంది, ‘మమ్మ’ అంటుంది. చెయ్యి ఊపుతుంది. మీ ఫొటో చూపిస్తే నాలుక బయట పెడుతుంది. అది మీరు నేర్పిందే కనుక మీ ఖాతాలో వేసుకోండి.

జూన్ పదిహేనున చెకప్‌కి వెళితే కొత్త నర్సు ఉంది, చిన్న పిల్ల, నా దగ్గర నాలుగో క్లాసు చదివింది. అప్పుడు దానికి ఎక్కాలు వచ్చేవి కావు. సెనైదాని బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్లు మడిచి పక్కలకి తెరిచింది. కుడి కాలు బల్లని తాకింది. ఎడమది సగంలో ఆగింది. తొడ మీద మడతలు లెక్కపెట్టింది, ఒక పక్క రెండు, ఒక పక్క మూడు. “టీచరమ్మా, ఇది నాకు బాగా అనిపించట్లేదు” అంది. “నీ లెక్కలు నాకు తెలుసమ్మా, మళ్లీ లెక్కపెట్టు” అన్నాను. మళ్లీ లెక్కపెట్టింది. రెండు, మూడు.

ఇరవై రెండున ఉవాంకాయోలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించాడు. పిల్లకి మత్తిచ్చి కీలు లోపలికి కూర్చోబెట్టి, నడుము నుంచి మడమల దాకా పిండికట్టు వెయ్యాలి, మూడు నెలలు. అది లీమాలోనే అవుతుంది. జూలై ఇరవైకి రోజు ఇచ్చారు. అప్పటికి కుదరకపోతే మళ్లీ అక్టోబరే. ఏడాదిన్నర దాటితే ఎముక కోయాలి, కోసినా నడక తిన్నగా వస్తుందని ఆయన మాటివ్వడు.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు విల్మెర్, “ఎందుకిలా అయింది అత్తయ్యా? ఎవరేం చేశారు?” అని అడిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “రోజూ ఆ కాళ్లు మడిచి తిప్పినావిడని అడుగు” అన్నాను. బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. ఆ గంటలోనే అతను ఎదురుగా ఉన్న కొట్లోకి వెళ్లి మీ పక్కింటి వాళ్లకి ఫోన్ చేసి మిమ్మల్ని పిలిపించాడు. ఏమన్నాడో నాకు తెలియదు. అద్దంలోంచి చెయ్యి ఊపడం కనిపించింది. తర్వాత మీ ఉత్తరం వచ్చింది కనుక ఊహించగలను. ‘నా కన్నకొడుకు చేతే నన్ను ఎముకలు విరిచేదని అనిపించావు, నీ చదువు తగలెయ్య’ అని రాయించారు. చదువుని తగలెయ్యనక్కర్లేదు. నేను చూసింది నేను చెప్పాను. మీరు రోజూ మడిచారా, లేదా?

ఇక్కడి స్థితి ఇది. మూడు నెలలు పిల్ల ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలి, కట్టు తడిస్తే, వదులైతే, లోపల ఒరుసుకుంటే వెంటనే చూపించాలి. లీమా చుట్టుపక్కల మనకున్నది మీ ఇల్లొక్కటే. కాని విల్మెర్ “మా అమ్మ చేతికి మళ్లీ పిల్లనివ్వను, అద్దె గది దొరికితేనే వెళదాం, లేకపోతే అక్టోబరుకి చూద్దాం” అంటున్నాడు. గది దొరకలేదు. నెలిదా పిల్లని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడుతుంది. నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. మీరు రాయించిన ఉత్తరంలో తప్పులున్నాయి, దిద్ది పంపుతున్నాను, అంతవరకే.

ఇట్లు,
మీ కోడలి తల్లి,
ఎదెల్మీరా తాయ్‌పె.

తా.క.
జూలై 5, ఆదివారం.

పైదంతా గురువారం రాసింది. పోస్టు చెయ్యలేదు. చింపి కొత్తగా రాయొచ్చు. కాని నోటుపుస్తకంలో కాగితం చింపి తప్పు దాచేవాళ్లని జీవితమంతా బెంచీ ఎక్కించినదాన్ని. అందుకని చింపడం లేదు. కింద దిద్దుతున్నాను.

ఉవాంకాయోలో నెలిదా పక్క గదిలో పిల్లకి బట్టలు తొడుగుతుంటే, విల్మెర్ ఫొటోలు తేవడానికి వెళితే, డాక్టరు నన్ను ఒక్కదాన్నే అడిగాడు. “పిల్లని ఎలా చుట్టేవారు? చూపించండి” అన్నాడు. ఆయన బల్ల మీది తువ్వాలు తీసుకుని చూపించాను. కాళ్లు తిన్నగా, మోకాళ్లు జోడించి, గట్టిగా. “ఎన్నాళ్లు?” అన్నాడు. పగలూ రాత్రీ ఆరు నెలలనీ, తర్వాత నిద్రకి తొమ్మిదో నెల దాకా అనీ చెప్పాను. ఆయన తువ్వాలు విప్పేసి చెప్పాడు. సెనైదా ఎదురుకాళ్లతో పుట్టిన పిల్ల, మొదటి కాన్పు, ఆడపిల్ల, ఇలాంటి వాళ్లకి తుంటి పుట్టుకతోనే వదులుగా ఉండొచ్చట. వదిలేస్తే చాలాసార్లు అదే కుదురుకుంటుందట. తిన్నగా లాగి కడితే బయటికి పోతుందట. “ఎప్పుడైనా ఎవరైనా కాళ్లు మడిచి పక్కలకి తెరిచేవాళ్లా?” అని అడిగాడు. ఒకావిడ నూనె రాసేటప్పుడు అలా చేసేదన్నాను. “ఆవిడ ఇంకో ఆరు నెలలుండాల్సింది” అన్నాడు.

బస్సు స్టాండులో విల్మెర్ అడిగేసరికి ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. అయినా ఆ జవాబు చెప్పాను. పొరపాటున నోరు జారలేదు. వాక్యం ముందే తయారుగా ఉంది.

ఇంకొకటి. మీరు బజారుకి వెళ్లగానే నేను పట్టీ విప్పి మళ్లీ కట్టేదాన్ని. మీరు వదులుగా కట్టినదాన్ని ఇంకో రెండు చుట్లు బిగించేదాన్ని. మీరు గమనించారు. ఒకసారి, “ఇది ఎవరి మీది కోపమొదినా, పిల్ల మీద కట్టారు?” అని అడిగారు. వినపడనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను. పిల్ల మీ చేతుల్లో నవ్వేది, నా చేతుల్లో నిద్రపోయేది. రెండూ ఒకటి కాదని నాకు అప్పుడే తెలుసు. మొదటి నవ్వు కూడా మీదే, సెప్టెంబరు ఇరవై రెండు, ఎండ మూల, నూనె రాస్తుండగా. తలుపు చాటు నుంచి చూశాను. కార్డు మీద రెండు రోజుల తర్వాతి తేదీ వేశాను. నిన్న కొట్టేసి సరైనది రాశాను.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మాయికీ అల్లుడికీ ఇదంతా చెప్పాను. విల్మెర్ చెంచా కింద పెట్టి బయటికి వెళ్లి తను నడిపే లారీ కడిగాడు. పొద్దున్నే కడిగిన లారీ. నెలిదా చాలాసేపటికి, “అమ్మా, ఎవరి తప్పయినా ఒక్క క్షణం ఊరుకోలేవు కదా నువ్వు, ఇన్ని రోజులు ఎలా ఊరుకున్నావు?” అంది. అది నన్ను ‘నువ్వు’ అనడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. నిన్న మాత్రం ఎవరినో పరాయివాళ్లని అన్నట్టు వినపడింది. సాయంత్రం విల్మెర్ లోపలికి వచ్చి, “ఇరవైకి వెళ్తున్నాం. అమ్మ రానిస్తే అమ్మ దగ్గరికే” అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడం న్యాయమే. మీకు అతనే వేరే రాస్తాడు. ఫోన్‌లో అన్నది ఫోన్‌లో వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాలేదు, మూడుసార్లు ఇక్కడ ఫోన్ ఉన్న కొట్టు దాకా వెళ్లి వచ్చాడు.

క్షమించమని అడగను. మీరు క్షమిస్తే దాన్ని నా జీవితాంతం వీధిలో చెప్పుకుంటారని నాకు తెలుసు. చెప్పుకోండి. కాని పిల్లని తీసుకోండి. ఆ మూడు నెలలూ సెనైదా మీ చేతుల్లో ఉండాలి. కట్టు లోపల కాళ్లు ఆడవు కనుక చేతులతో, మెడతో, నోటితో ఆడించేవాళ్లు కావాలి. ఆ పని నాకు రాదు. నాకు అక్షరాలు నేర్పడం వచ్చు, దానికింకా అయిదేళ్లుంది. నేను కిందికి రావాలా వద్దా అనేది మీ ఇష్టం. రావద్దంటే బాధపడను. అబద్ధం, బాధపడతాను, కాని రాను.

పిల్ల తిండి సంగతి నెలిదా చెబుతుంది. చేపలో ముళ్లు తీసే పని మీకు నేను చెప్పేది కాదు.

ఇప్పుడు పని. కట్టు వేశాక రెండు కాళ్లూ పక్కలకి తెరిచి ఉంటాయి, మధ్యలో ఒక కర్ర. ఒక మోకాలి నుంచి రెండో మోకాలి దాకా అరవై సెంటీమీటర్లు దాటొచ్చు అన్నాడు డాక్టరు. పక్కకి తిప్పి తీసుకుపోతే ఎక్కడో ఒకచోట తగులుతుంది, తగలకూడదు. అందుకని మీ వీధి గుమ్మం, లోపలి గది గుమ్మం, స్నానాల గది గుమ్మం, మూడూ కొలవండి. తలుపు పూర్తిగా తెరిచి, చట్రానికీ చట్రానికీ మధ్య లోపలి వెడల్పు. జానలతో కాదు, టేపుతో. పైన ఒకసారి, నడుము ఎత్తులో ఒకసారి, మీ పాత ఇళ్ల చట్రాలు వంకరగా ఉంటాయి. మూడు అంకెలూ ఒక కాగితం మీద రాయించి గురువారం బస్సు డ్రైవరుకి ఇవ్వండి. ఏ గుమ్మం దేనిదో పక్కన రాయించడం మర్చిపోకండి.